పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి సీవీ జాయింట్లు, బూట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు జిల్లా. తూర్పున అల్లూరు వైపు రొయ్యల గుంటలు, పడమట ఉదయగిరి వైపు కాస్త మెట్ట. ఈ రెండింటి మధ్య తిరగడానికి ఒక పాత సఫారి ఫోర్ బై ఫోర్ ఉంది. ఒక చివర ఉప్పు బురద, ఇంకో చివర రాళ్ళూ ముళ్ళ చిల్లకంపా. ముందు చక్రాల బూట్లు, అంటే షాఫ్ట్ జాయింట్లకు ఉండే రబ్బరు తొడుగులు, ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను. అందులో రెండుసార్లు తప్పు నాదే. పాత బళ్ళున్న తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగిందే అడుగుతుంటారు కాబట్టి, ఆ ప్రశ్నలన్నీ ఇక్కడ పెడుతున్నాను. నేను మెకానిక్‌ని కాను. నా బండి పని నేనే చేసుకునేవాణ్ణి, అంతే.

సీవీ జాయింట్ అంటే ఏంటి? మామూలు క్రాస్ పెడితే సరిపోదా?

ముందు చక్రానికి పని ఎక్కువ. స్టీరింగ్‌తో పక్కకు తిరగాలి, గుంటల్లో పైకీ కిందికీ ఆడాలి, అలా ఆడుతూనే ఇంజిన్ బలాన్ని అందుకోవాలి. గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ఉండే మామూలు క్రాస్ (ప్లస్ గుర్తు ఆకారపు జాయింట్) కూడా వంగుతుంది గానీ దానికో గుణం ఉంది: కోణంలో ఉన్నప్పుడు అవతలి షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు చివర్లా క్రాసులు పెట్టి ఒకదాని తేడాను ఇంకోదానితో సరిచేస్తారు. తిరిగే చక్రం దగ్గర ఆ వీలు లేదు, అందుకే అక్కడ క్రాస్ ఉంటే స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు కుదుపు వస్తుంది. ఎంత వంగినా రెండు వైపులా ఒకే వేగం ఉండే జాయింట్ సీవీ (కాన్‌స్టెంట్ వెలాసిటీ) జాయింట్. ఫోర్డ్‌లో ఇంజినీరుగా ఉన్న ఆల్ఫ్రెడ్ జెప్పా 1920ల్లో పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇప్పటికీ మన బండి చక్రం పక్కన ఉంది. బయట ఒక గిన్నె, లోపల ఒక గుండు, మధ్యలో కేజ్, అందులో ఆరు బాల్స్. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) వైపు ఉండే లోపలి జాయింట్ చాలా బళ్ళలో వేరే రకం, మూడు రోలర్లతో ఉంటుంది. అది వంగడమే కాదు, షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా లోపలికీ బయటికీ జరుగుతుంది.

వీటన్నిటికీ ప్రాణం గ్రీజు. ఆ గ్రీజును లోపల ఉంచి, దుమ్మునూ నీళ్ళనూ బయట ఉంచే మడతల రబ్బరు తొడుగే బూటు. బూటు వందల్లో దొరుకుతుంది. అది పోతే పోయే జాయింట్ వేలల్లో ఉంటుంది.

మా జీపుకు అసలు సీవీ జాయింటే లేదంటున్నాడు మెకానిక్. నిజమేనా?

నిజమే కావచ్చు. పాత మహీంద్రా ఎంఎం 540, ముందు లీఫ్ స్ప్రింగులున్న థార్ డీఐ లాంటి వాటికి ముందు కూడా గట్టి యాక్సిలే. చక్రం దగ్గర షాఫ్ట్‌లో క్రాస్ ఉంటుంది, రబ్బరు బూటు ఉండదు. దాని సంగతి వేరు: క్రాస్ కప్పులు అరిగితే క్రాస్ మారిస్తే సరి. టార్షన్ బార్లతో (స్ప్రింగు బదులు మెలితిరిగే కడ్డీలతో) వచ్చిన థార్ సీఆర్‌డీఈ, స్కార్పియో ఫోర్ బై ఫోర్, సఫారి, పజేరో లాంటి వాటికి ముందు రెండు షాఫ్టులు, ఒక్కోదానికి రెండేసి జాయింట్లు, మొత్తం నాలుగు బూట్లు. జిప్సీది మూడో రకం, దాని గురించి కింద విడిగా రాశాను.

బూటు చిరిగిందని ఎలా తెలుసుకోవాలి?

శబ్దం వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిప్పి, బండి ఆపి, చక్రం వెనక నుంచి టార్చి వేసి చూడండి. బయటి బూటు మడతలు విచ్చుకుని కనిపిస్తాయి. మడత శిఖరం కాదు, లోయ చూడాలి. పగుళ్ళు మొదలయ్యేది అక్కడే. తర్వాత రెండో వైపు తిప్పి రెండో చక్రం. లోపలి బూట్లకు బండి కిందికి దూరక తప్పదు.

చూడకపోయినా బండే చెప్పే గుర్తు ఒకటుంది. రిమ్ము లోపలి వైపు, సస్పెన్షన్ ఆర్మ్ మీద, ఒక గీతలా నల్లటి గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే బూటు పోయిందని అర్థం. షాఫ్ట్ తిరుగుతూ విసిరింది కాబట్టి అది వరసగా, ఒకే వరుసలో పడుతుంది. ఆయిల్ లీకైతే కిందికి కారుతుంది, ఇలా చిమ్మదు.

తిప్పినప్పుడు టక్ టక్ మంటోంది. ఏ జాయింట్?

ఖాళీ స్థలంలో, 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం వెళ్ళేలా) వేసి, మట్టి నేల మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిప్పండి. టక్ టక్ టక్ అని చక్రంతో పాటే వేగం పెరిగితే బయటి జాయింట్. చాలాసార్లు మలుపులో బయటి వైపు ఉండే చక్రానిది. తిన్నగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే బండి అదిరి, కాలు తీస్తే ఆగిపోతే లోపలి జాయింట్ మీద అనుమానం. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఒకేలా హూ... అని మోగుతుంటే అది వీల్ బేరింగ్ కావచ్చు. దీన్ని సీవీ అనుకుని షాఫ్ట్ మార్పించుకున్నవాళ్ళు నాకు తెలుసు.

హబ్ లాక్ (ముందు చక్రాన్ని షాఫ్ట్‌తో కలిపే, విడదీసే ఏర్పాటు) ఉన్న బండైతే ఇంకో సులువు పరీక్ష ఉంది. హబ్ ఫ్రీలో పెట్టి 2హెచ్‌లో (వెనక చక్రాలకే బలం వెళ్ళేలా) నడిపితే షాఫ్ట్ తిరగదు. శబ్దం అప్పుడు ఆగిపోయి, లాక్ చేస్తే మళ్ళీ వస్తే షాఫ్ట్ దగ్గరే జబ్బు.

మన వైపు బూట్లు తొందరగా పోతున్నాయెందుకు?

రబ్బరుకు ఎండ శత్రువు. ఇక్కడి ఎండల సంగతి చెప్పక్కర్లేదు, మే నెలలో చెట్టు నీడలో పెట్టిన బండి కూడా పొయ్యి మీద పెట్టినట్టే ఉంటుంది. కానీ నేను నాలుగుసార్లు మార్చిన బూట్లలో ఎండకు పగిలింది ఒక్కటే. ఒకటి చేసిన పనిలో తప్పు వల్ల పోయింది, దాని కథ కింద ఉంది. మిగతా రెండూ ముళ్ళకు బలి.

సర్కారు తుమ్మ, మనం చిల్లచెట్టు అంటాం. ఉదయగిరి, వరికుంటపాడు వైపు పొలం దారులకు రెండు వైపులా అదే. అటు కనిగిరి, పామూరు పక్క కూడా అంతే. కంప కొట్టి దారి పక్కన పారేస్తారు, ఎండిన కొమ్మ చక్రం కింద పడి ఎగిరి సస్పెన్షన్ ఆర్మ్‌కూ షాఫ్ట్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. పచ్చి ముల్లు వంగుతుంది, ఎండింది మాత్రం మేకులా దిగుతుంది. బూటు తిరుగుతుంటే ముల్లు నిలబడే ఉంటుంది, ఇక అది కోసుకుంటూ పోతుంది. మొదటిసారి నేను తీసిన బూటులో ముల్లు చివర ఇంకా మడతలో ఉంది. టైరులో ఉంటే గాలి పోయి తెలిసేది. ఇక్కడ ఏ సంకేతమూ లేదు. ఇప్పుడు మెట్ట నుంచి తిరిగొచ్చాక, అన్నం తినకముందే, బండి కింద ఇరుక్కున్న కంప లాగేస్తాను. మా ఇంట్లో దీనికి బాగా నవ్వుతారు.

సముద్రం వైపు సంగతి ఇంకో రకం. రొయ్యల గుంటల గట్ల మీద వానకు ఉప్పు బురద బూటు మడతల్లో నిండి ఎండి, సిమెంటులా గట్టిపడుతుంది. ఆ పైన స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ గడ్డ రబ్బరును రాస్తుంది. ఇనప క్లాంపులకు తుప్పు పడుతుంది, ఓ రోజు క్లాంపు తెగిపోయి బూటు జారిపోతుంది. రబ్బరు బాగానే ఉన్నా గ్రీజు అంతా బయటే. చీమకుర్తి వైపు క్వారీ దారుల్లో తిరిగే బళ్ళకు గ్రానైట్ దుమ్ము ఉండనే ఉంది. అది ఒక్క సన్నటి పగులు దొరికితే గ్రీజులో కలిసి సానరాయి పని చేస్తుంది.

చిరిగిన బూటుతో ఎన్నాళ్ళు నడపొచ్చు?

తారు రోడ్డు మీద, వాన లేనప్పుడు, కొత్తగా పడ్డ చిరుగైతే ఇంటికి చేరి, సామాను తెప్పించుకుని, ఆదివారం పని పెట్టుకోవచ్చు. అదే మైపాడు బీచ్ ఇసుకలోనో, కొత్తపట్నం ఇసుకలోనో దిగారంటే ఒక్క రోజు చాలు. గుంట నీళ్ళల్లో దింపినా అంతే. జాయింట్ ఒక్కసారిగా విరగదు, అరుగుతూ పోతుంది. అరగడం మొదలయ్యాక కొత్త గ్రీజు పెట్టినా వెనక్కి రాదు.

సైకిల్ ట్యూబు చుట్టి బైండింగ్ వైరు కట్టేస్తే?

ఇల్లు చేరడానికి అయితే కట్టండి. ఇంకేం అనను. అయితే దానిమీదే తిరగొద్దు.

రెండోసారి నేను చేసిన పొరపాటు ఇదే. దారిలో బూటు చిరిగింది, రోడ్డు పక్క షాపులో చూపించా. అక్కడి పెద్దాయన బూటు దొరకదన్నాడు. "అబ్బయా, ఇది కట్టుకుని పో, యాడాది దాకా డోకా లేదు" అని ట్యూబు ముక్క చుట్టి, డబ్బాలోంచి పసుపు గ్రీజు రెండు పిడికిళ్ళు కూరి, వైరుతో బిగించాడు. యాడాది కాదు, పదిహేను రోజులు. ఆ వైరు మొన లోపలి వైపు తిరిగి, పక్కనున్న లోపలి బూటును కూడా గీసేసింది. ఆయన తప్పు కాదనుకోండి, యాడాది తిరగమని నన్నెవరూ బలవంతపెట్టలేదు.

షాఫ్ట్ విప్పకుండా అతికించే స్ప్లిట్ బూట్లు వస్తున్నాయి కదా?

వస్తాయి. నిలువునా కోసి ఉంటాయి, చుట్టూ పెట్టి జిగురుతో అతికిస్తారు. అతుకు దగ్గర ఒక్క చుక్క గ్రీజు ఉన్నా జిగురు పట్టదు, చిరిగిన బూటు దగ్గర గ్రీజు లేని చోటంటూ ఉండదు. పైగా షాఫ్ట్ విప్పకపోతే జాయింట్ లోపల ఏముందో చూడలేరు. నేను వాడను.

ఏ గ్రీజు పెట్టాలి?

సీవీ జాయింట్ కోసమే అని రాసి ఉండే నల్ల గ్రీజు. అది మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన లిథియం గ్రీజు. బాల్స్ ఎక్కువ ఒత్తిడితో జారుతూ దొర్లుతాయి కాబట్టి ఆ మాలిబ్డినం పొర లోహానికీ లోహానికీ మధ్య నిలబడుతుంది. వీల్ బేరింగ్ గ్రీజు, పైన చెప్పిన డబ్బా పసుపు గ్రీజు ఇక్కడికి పనికిరావు. మంచి బూటు కిట్‌లో గ్రీజు సాచెట్ వస్తుంది, అంతా పెట్టేయాలి, మిగిల్చి దాచుకోవద్దు. లోపలి రోలర్ జాయింట్‌కు కొన్ని కంపెనీలు వేరే గ్రీజు ఇస్తాయి. రెండు సాచెట్లు వచ్చి రంగులు తేడాగా ఉంటే ఏది దేనికో ముందే చూసుకోండి. రెండూ కలపకూడదు.

పనికి ఏమేం సిద్ధం చేసుకోవాలి?

సగం పని ఇదే. బూటు కిట్ (రెండు క్లాంపులు, గ్రీజు, జాయింట్ జారకుండా పట్టే రింగు అయిన సర్క్లిప్ ఉన్నది), హబ్ నట్టు సైజు సాకెట్టు, దానికి ఒక పొడవాటి ఇనప పైపు, సర్క్లిప్ ప్లయర్, ఇత్తడి డ్రిఫ్ట్ (ఆనించి సుత్తితో కొట్టే కడ్డీ), మంచి జాకీ, రెండు స్టాండ్లు, స్టాపర్ రాళ్ళు, డీజిల్ ఒక రెండు లీటర్లు, పాత లుంగీ గుడ్డలు. నూలు లుంగీ మెత్తగా ఉంటుంది, పోగులు వదలదు. టవలు వాడొద్దు. టార్క్ రెంచ్ లేకపోతే ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. డిఫరెన్షియల్ ఆయిల్ సీల్ కూడా ముందే కొనిపెట్టుకోండి. షాఫ్ట్ బయటికి వచ్చినప్పుడు అయిదు నిమిషాల పని, తర్వాత అయితే మొత్తం మళ్ళీ విప్పాలి.

బండి నంబరుతో పాటు తయారైన సంవత్సరం కూడా షాపులో చెప్పండి. ఒకే పేరున్న బండికి షాఫ్టు మందం మారిన మోడళ్ళున్నాయి. పాత బూటు కోయకముందు రెండు చివర్ల వ్యాసం కొలుచుకుని వెళ్తే మరీ మంచిది.

షాఫ్ట్ బయటికి ఎలా తియ్యాలి?

బండిని బట్టి మారుతుంది, మీ బండి సర్వీస్ మాన్యువల్ పక్కన పెట్టుకోండి. వరస మాత్రం దాదాపు ఇదే. నేల మీద ఉండగానే, బ్రేక్ తొక్కించి, స్ప్లిట్ పిన్ను లాగి హబ్ నట్టును కదిలించాలి. బండి జాకీ మీద ఉన్నప్పుడు పైపు వేసి లాగితే బండి స్టాండ్ మీంచి జారొచ్చు. తర్వాత వెనక చక్రాలకు రాళ్ళు, ముందు జాకీ, ఛాసిస్ కింద స్టాండ్లు. బ్రిక్కుల మీద పెట్టకండి, నా కళ్ళ ముందే ఒక ఇటుక పొడి అయింది, అప్పుడు కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం.

చక్రం తీశాక బ్రేక్ కేలిపర్‌ను వైరుతో పైన స్ప్రింగుకో ఆర్మ్‌కో వేలాడదీయండి. బ్రేక్ హోస్ మీద వేలాడితే లోపల చిట్లుతుంది, బయటికి కనిపించదు. ఏబీఎస్ ఉన్న బండైతే సెన్సర్ వైరును ముందే పక్కకు తప్పించాలి. బాల్ జాయింట్ విడదీస్తే నకుల్ (స్టీరింగ్‌తో తిరుగుతూ హబ్‌ను మోసే ముక్క) పక్కకు వస్తుంది, షాఫ్ట్ స్ప్లైన్లు (చివర ఉండే పళ్ళు) హబ్ లోంచి జారతాయి. రాకపోతే నట్టును చివరకు తిప్పి ఉంచి, దాని మీద ఇత్తడితో కొట్టండి. నేరుగా సుత్తితో షాఫ్ట్ చివర కొడితే మర విచ్చుకుని నట్టు ఇక ఎక్కదు.

లోపలి చివర కొన్ని బళ్ళలో బోల్టులతో ఫ్లాంజికి ఉంటుంది. గుర్తు పెట్టుకుని విప్పడమే. మరికొన్నింట్లో డిఫరెన్షియల్‌లోకి సర్క్లిప్‌తో దిగి ఉంటుంది, ఆయిల్ దించి, రెండు వైపుల నుంచి సమంగా లీవర్ వేసి లాగాలి. షాఫ్ట్‌ను బూటు పట్టుకుని లాగకండి, లోపలి జాయింట్ విడిపోతుంది. షాఫ్ట్ బయట ఉన్నప్పుడు చక్రం పెట్టి బండిని నేల మీదకు దింపి తోయడం కూడా కూడదు. షాఫ్ట్ నట్టు పట్టి ఉంచే బేరింగులున్న బళ్ళలో బేరింగ్ విడిపోయే ప్రమాదం ఉంది.

జాయింట్ విప్పాక ఏం చూడాలి?

షాఫ్ట్‌ను వైసులో, దవడలకు చెక్క ముక్కలు పెట్టి బిగించండి. పాత క్లాంపులు కోసి, బూటు చీల్చి తీసేయండి. ముందు గ్రీజును వేలి మీద తీసుకుని బొటనవేలితో రుద్దండి. నునుపుగా నల్లగా ఉంటే ముందే పట్టుకున్నట్టు. బూడిద రంగులో ఉండి, రుద్దితే పంచదార నలిగినట్టు గరగర అంటే ఇసుక లోపలికి వెళ్ళింది. నా మూడోసారి గ్రీజు కాఫీ రంగులో, నురగలా ఉంది. అంటే నీళ్ళు. గుంట దగ్గర మునిగిన రోజు గుర్తొచ్చింది.

కొన్ని జాయింట్లకు సర్క్లిప్ బయటికే కనిపిస్తుంది, ప్లయర్‌తో విప్పితే షాఫ్ట్ జారుతుంది. కొన్నింటికి లోపల దాగి ఉంటుంది, లోపలి గుండు అంచు మీద ఇత్తడి డ్రిఫ్ట్ ఆనించి ఒక్క గట్టి దెబ్బ వేస్తే ఊడుతుంది. కేజ్ మీద మాత్రం కొట్టకూడదు. ఇంకొన్ని షాఫ్ట్‌తో పాటే శాశ్వతంగా ఉంటాయి, వాటికి లోపలి జాయింట్ విప్పి ఆ వైపు నుంచి రెండు బూట్లూ ఎక్కించాలి. ఏ రకమో తెలుసుకోకుండా అరగంట సేపు కొట్టి, అది ఊడేది కాదని తెలిసిన పెద్దమనుషులున్నారు. నేనూ అందులో ఒకణ్ణి.

డీజిల్‌లో కడగండి, పెట్రోల్ వద్దు, ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కడిగాక గిన్నెకూ కేజ్‌కూ గుండుకూ ఒకే వరసలో పెయింట్ చుక్క పెట్టండి. తిరిగి అదే తీరులో ఎక్కాలి. గుండును ఒక వైపు వంచితే ఎదురుగా ఒక బాల్ బయటికి వస్తుంది. అలా ఆరూ తియ్యొచ్చు, ఏది ఏ గూట్లోంచి వచ్చిందో గుడ్డ మీద గుండ్రంగా పేర్చుకోండి. ఇక ఎండలోకి తీసుకెళ్ళి చూడాలి. బాల్ దొర్లే కాలవలో మెరుపు ఉంటే పరవాలేదు. గోరు ఆనిస్తే గోరు ఆగే గుంట ఉంటే, అది ఆవగింజంత ఉన్నా సరే, ఆ జాయింట్ అయిపోయింది. కేజ్ కిటికీల మూలల్లో వెంట్రుక వాసి పగుళ్ళు, కిటికీ అంచుల్లో బాల్ కొట్టిన మెట్టు, వేడికి నీలంగా మారిన చోటు, ఇవి చూడాలి. లోపలి రోలర్ జాయింట్ తీసేటప్పుడు మూడు రోలర్ల చుట్టూ టేపు చుట్టండి. రోలర్ జారితే సూది బేరింగులు చీమల్లా చెల్లాచెదురవుతాయి, ఒకటి తగ్గినా మళ్ళీ ఎక్కించకూడదు.

కొత్త బూటు ఎక్కించడంలో ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

మొదటిది మరిచిపోవడం. జాయింట్ అంతా ఎక్కించేసి, సర్క్లిప్ పడ్డ శబ్దం విని మురిసిపోయి, చూస్తే బూటు బల్ల మీదే ఉంటుంది. చిన్న క్లాంపు, బూటు, తర్వాతే జాయింట్. స్ప్లైన్ల పళ్ళు కొత్త బూటును కోయకుండా వాటి మీద టేపు చుట్టి ఎక్కించి, తర్వాత టేపు తీసేయండి.

గ్రీజులో సగం పైగా జాయింట్ లోపల బాల్స్ మధ్యకు వేలితో నొక్కి పెట్టండి, మిగతాది బూటులో. తర్వాత జాయింట్‌ను చేత్తో నాలుగు వైపులా వంచుతూ పని చేయించండి. బూటు కూర్చునే గాడిలో గ్రీజు మరక ఉండకూడదు, లేకుంటే క్లాంపు ఎంత బిగించినా జారుతుంది.

రెండోది గాలి. పెద్ద క్లాంపు బిగించాక, షాఫ్ట్ బండిలో ఉండే పొడవుకే పెట్టి, చిన్న చివర కింద సన్నటి మొద్దు స్క్రూడ్రైవర్ దూర్చి గాలి సమం చెయ్యండి. లేకపోతే బూటు ఉబ్బో నొక్కుకుపోయో ఉంటుంది. నొక్కుకుపోయిన మడతలు ఒకదాన్నొకటి రాసుకుని చిరుగుతాయి. బూటు మెలితిరగకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

క్లాంపుల సంగతికొస్తే, చెవి ఉండే రకానికి దాని ప్లయరే కొనండి, ఖరీదు తక్కువే. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే చెవి తెగుతుంది. ప్లాస్టిక్ టై కట్టి పంపించే షాపులో బండి ఇవ్వొద్దు.

చివరగా హబ్ నట్టు. కొత్త స్ప్లిట్ పిన్ను, మాన్యువల్‌లో రాసిన బిగువు, టార్క్ రెంచ్‌తో, చక్రం నేల మీద ఉండగా. ఎయిర్ గన్‌తో "బర్రు" మనిపించి వదిలేయడం ఇక్కడ అలవాటు, దాన్ని ఒప్పుకోకండి.

బూటు మార్చినా శబ్దం పోలేదు.

పోదు. బూటు రాబోయే నష్టాన్ని ఆపుతుంది, జరిగినదాన్ని బాగుచెయ్యదు. శబ్దం మొదలైన జాయింట్‌కు కొత్త గ్రీజు కొన్నాళ్ళు గొంతు తగ్గిస్తుందేమో గానీ ఆ తర్వాత మళ్ళీ మొదలవుతుంది.

బూటు మార్చాలా, మొత్తం షాఫ్టే మార్చాలా?

శబ్దం లేకుండా, గ్రీజు శుభ్రంగా ఉంటే బూటే. బాల్ గాడి గుంట పడితే జాయింట్ మార్చాలి. విడి జాయింట్ దొరకని మోడల్ అయితే షాఫ్టు. అయితే చవకగా వచ్చే మొత్తం షాఫ్టుల్లో కొన్నింటి రబ్బరు, గ్రీజు చూస్తే ఏడుపొస్తుంది. బాగున్న పాత కంపెనీ జాయింటుకు కొత్త బూటు వేసుకోవడం వాటికన్నా మేలని నా అభిప్రాయం. పెద్ద అద్దె ట్రిప్పులు తిప్పే బండైతే లెక్క వేరు, ఒక రోజు బండి ఆగడం కూడా నష్టమే కదా.

జిప్సీకి బూటే కనిపించదు. దానికేం చెయ్యాలి?

జిప్సీలో జాయింట్ గుండ్రటి ఇనప నకుల్ లోపల మూసి ఉంటుంది. జాయింట్ పని అదే, ఆరు బాల్స్ రకమే. బయట రబ్బరు బూటు బదులు, ఆ గుండ్రటి బంతి మీద తుడిచే సీలు ఉంటుంది. ఉప్పు బురదలో తిరిగే బండికి ఆ బంతి మీద తుప్పు పడుతుంది, తుప్పు సీలును కోస్తుంది, అలా నీళ్ళు లోపలికి వెళ్తాయి. అందుకే బురద ఎండకముందే ఆ బంతులను కడిగి తుడవాలి.

జిప్సీలో రెండో జబ్బు లోపలి నుంచి వస్తుంది. యాక్సిల్ లోపలి ఆయిల్ సీల్ పోతే డిఫరెన్షియల్ ఆయిల్ నకుల్‌లోకి వచ్చి గ్రీజును సాంబారు చేస్తుంది. కింద కారుతూ, డిఫరెన్షియల్ ఆయిల్ తగ్గుతూ ఉంటే ఇదే. గ్రీజు మాత్రం నింపి సరిపెట్టకండి, హబ్, స్పిండిల్ విప్పి సీల్ మార్చాలి. విప్పినప్పుడే పైనా కిందా కింగ్‌పిన్ బేరింగులు చూడండి, షిమ్ముల (సందు సరిచేసే పలచటి రేకుల) లెక్క తప్పకుండా గుర్తు పెట్టుకోండి.

ఎత్తు కోసం టార్షన్ బార్లు బిగించాం. బూట్లు ఆర్నెల్లకే పోతున్నాయి.

కారణం మీరే చెప్పారు. ముందు భాగం లేస్తే షాఫ్ట్ ఎప్పుడూ వంపులోనే తిరుగుతుంది. బూటు మడతలు ఒక వైపు సాగి, ఇంకో వైపు రాసుకుంటూ ఉంటాయి, జాయింట్‌లో వేడి పెరుగుతుంది. ఒకటి రెండు చుట్లు దించి చూడండి. ఎత్తుకు టైరు సైజులో ఏమైనా వీలుందేమో చూసుకోవడం నయం.

ఎప్పుడూ 2హెచ్‌లోనే తిరుగుతాం. అయినా అరుగుతుందా?

హబ్ లాక్ విడిపోయే ఏర్పాటు లేకపోతే చక్రమే షాఫ్ట్‌ను తిప్పుతుంది. బరువు మోయదు గానీ తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు అయితే హబ్ ఫ్రీలో ఉన్నా, ఎండకూ వయసుకూ పోతుంది.

అసలు హాని రెండో వైపు నుంచి. బీచ్ ఇసుకలో 4హెచ్ వేసి, మార్చడం మరిచిపోయి హైవే ఎక్కేవాళ్ళు చాలామంది. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్‌కు ముందూ వెనకా మధ్య డిఫరెన్షియల్ ఉండదు. తారు మీద మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగనివ్వక షాఫ్టులూ జాయింట్లూ మెలిపడతాయి. స్టీరింగ్ బరువెక్కి, బండి ఎవరో వెనక్కి లాగినట్టుంటే లీవర్ ఒక్కసారి చూసుకోండి.

ఉప్పునీళ్ళల్లో దిగి వచ్చాక ఏం చెయ్యాలి?

మంచినీళ్ళతో కడగండి, అదే రోజు. ప్రెషర్ గన్ను నేరుగా క్లాంపుల మీద పెట్టకండి, బూటు అంచు కింద నుంచి నీళ్ళు దూరతాయి. మామూలు పైపుతో, చేత్తో బురద కదిలిస్తూ.

మెకానిక్‌కే ఇస్తాం. ఏం అడగాలి?

పాత బూటు, పాత క్లాంపులు మీకు చూపించమనండి. గ్రీజు ప్యాకెట్టు మీ ముందే కత్తిరించాలి. జాయింట్ కడిగాడా లేక పాత గ్రీజు మీదే కొత్తది కూరాడా అన్నది అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది, టీ తాగుతూ ఒక గంట కూర్చోండి. "అన్నా, బాల్ గాడి ఒకసారి చూద్దాం" అని అడిగితే మంచి మెకానిక్ ఏమీ అనుకోడు. రెండు వైపులా ఒకే వయసు బూట్లైతే రెండూ ఒకేసారి చేయించండి. మొదటి వైపుకు నాకు రోజంతా పట్టింది, రెండో వైపు మధ్యాహ్నం భోజనానికే అయిపోయింది.

తీసిన పాత షాఫ్ట్ పాతసామాన్ల వాడికి ఇచ్చేయొచ్చా?

బయటి జాయింట్ పోయి లోపలిది బాగుంటే ఇవ్వొద్దు. కడిగి, గ్రీజు రాసి, పాలిథిన్ కవరు చుట్టి, ఎలుకలు కొరకని చోట పైన పెట్టండి. మా షెడ్డు అటక మీద అలాంటిది ఒకటుంది. పోయిన ఏడాది దాన్నుంచి తీసిన లోపలి జాయింటే ఇప్పుడు బండికి ఎడమ వైపు తిరుగుతోంది.